ఎండబాబు, డీజిల్ బావ

బజారులో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. "ఎండబాబు ఎక్కడ?" అంటే చాలు, ఇస్త్రీ బండి దగ్గర నుంచి ప్రింటింగ్ ప్రెస్సు దాకా అందరూ వేలు చూపించేవారు. ఆ పేరు పెట్టింది సొంత బావే. వెక్కిరింపుగానే పెట్టాడు. వాడగా వాడగా అందులో వెటకారం అరిగిపోయి, పేరు మాత్రం మనిషికి అతుక్కుపోయింది.

బావది జనరేటర్ల వ్యాపారం. ఆ ఊళ్ళో సర్కారు కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోయేది. అది లేనంతసేపూ బజారు వెనక రేకుల షెడ్డులో బావ డీజిల్ జనరేటర్లు గుడగుడలాడుతూ ఉండేవి. అక్కడి నుంచి నల్లటి తీగలు సందుల మీదుగా, సైన్‌బోర్డుల వెనక నుంచి, కిటికీ ఊచల మధ్య నుంచి పాకి ప్రతి కొట్లోకీ దూరేవి. ఏ కొట్టుకు ఎన్ని బల్బులు, ఎన్ని ఫ్యాన్లు అన్నది బావ ఇష్టం. రేటూ బావ ఇష్టమే. ఎదురు మాట్లాడినవాడి కొట్టు ఆ మధ్యాహ్నానికే చీకటయ్యేది. అయినా బావంటే బజారుకు భయంతో పాటు ఒక చనువు కూడా ఉండేది. మనిషి మాటకారి. నవ్వుతూ తిట్టేవాడు, నవ్వుతూనే తీగ పీకేవాడు.

ఇల్లు షెడ్డు పైనే. అమ్మా నాన్నా పోయాక అక్క ఆ ఇంటికి కాపురానికి వస్తే, ఆమె వెంట తమ్ముడూ తోకలా వచ్చాడు. బావ కాదనలేదు. తిండి పెట్టాడు, పని నేర్పాడు. "వీడికి స్పానర్ పట్టుకోవడం నేర్పింది నేనే" అని నలుగురిలో భుజం చరిచి చెప్పేవాడు. అది నిజమే కాబట్టి తమ్ముడు తలూపేవాడు. కింద ఇంజన్ల మోతకి ఆ ఇంట్లో మెల్లగా మాట్లాడటం ఎవరికీ అలవాటు లేదు. మొగుడూ పెళ్ళాల అలకలు కూడా కేకల్లోనే సాగేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు ఏదో గొడవ జరుగుతోందనుకుని చెప్పులేసుకునేవారు.

అతని దారి మారింది మాత్రం ఒక పొరపాటు వల్ల. డీజిల్ అమ్మే కంపెనీ కొత్త ఇంజన్ల గురించి పెద్ద ఊళ్ళో శిక్షణ పెడితే బావే అతన్ని పంపాడు. అక్కడ పొరపాటున వేరే గదిలో కూర్చున్నాడు. ఆ గదిలో ఎవరో ఒకామె సోలార్ ప్యానెళ్ళ గురించి చెబుతోంది. గది మారాలని కాసేపటికే తెలిసింది. కానీ లేవలేదు. పొగ లేదు, మోత లేదు, టాంకరు కోసం రోడ్డు మీద ఎదురుచూపులు లేవు. పొద్దున లేవగానే నూనె మరకల చేతులు కడుక్కోవడమే జీవితం అనుకున్నవాడికి ఆ మాటలు చెవిలో చల్లగా పడ్డాయి. తిరిగొచ్చాక బావ అడిగాడు, "ఏం నేర్చుకున్నావురా?" అని. "కొత్త సంగతులు చాలా ఉన్నాయి బావా" అన్నాడు. అబద్ధం కాదు కదా.

మొదటి ప్యానెళ్ళు టైలరమ్మ కొట్టు మీద ఎక్కాయి. ఆమె కొట్లో వరసగా మిషన్లు, వాటి ముందు ఆడపిల్లలు. ఎవరి జోలికీ పోదు, తన జోలికి వస్తే వదలదు. రేటు పెంచిన ప్రతిసారీ బావతో ఆమె పడే గొడవ బజారుకు ఉచిత వినోదం. "నాకు మిషన్ తిరగాలి బాబూ. నువ్వు దేంతో తిప్పుతావో నాకు అనవసరం" అంది. తిరిగింది. మబ్బు లేని రోజుల్లో బ్రహ్మాండంగా తిరిగింది.

ఆ సంగతి బావ చెవిన పడ్డాక, భోజనాల దగ్గర మాట తీశాడు.

"ఏరా, ఎండ అమ్ముతున్నావటగా?"

"అమ్మటం లేదు బావా. పట్టి ఇస్తున్నా."

"పట్టు, పట్టు. ఎండ అయిపోయాక వెన్నెల కూడా సీసాల్లో పోసి అమ్ము. మా ఎండబాబు!"

అక్కకి నవ్వాగలేదు. ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్విన రోజుల్లో అది దాదాపు ఆఖరిది.

టైలరమ్మ తర్వాత జిరాక్స్ కొట్టు, ఆ తర్వాత కళ్ళజోళ్ళ కొట్టు, ప్రింటింగ్ ప్రెస్సు. ఒక్కొక్కరే బావ తీగని వద్దనుకోవడం మొదలుపెట్టారు. పూర్తిగా కాదు, ఎండ ఉన్నప్పుడు ఇది, లేనప్పుడు అది అనుకున్నారు. బావ ఒప్పుకోలేదు. "నా దగ్గర రెండు కాపురాలు కుదరవు" అని కుండబద్దలు కొట్టాడు. ప్యానెల్ పెట్టుకున్న కొట్టుకి జనరేటర్ లైను శాశ్వతంగా కట్. ముసురు పట్టింది. బ్యాటరీలు చిన్నవి కావడంతో మధ్యాహ్నం కాకముందే చేతులెత్తేశాయి. జిరాక్స్ కొట్టతనూ కళ్ళజోళ్ళతనూ మొహాలు వేలాడేసుకుని షెడ్డు మెట్ల మీద కూర్చున్నారు. బావ వాళ్ళని చాలాసేపు కూర్చోనిచ్చి, తీరిగ్గా టీ తాగి, పాత రేటు కంటే ఎక్కువ చెప్పి తీగ కలిపించాడు.

ఎండబాబుకి అప్పుడు అర్థమైంది, కొట్టుకో నాలుగు ప్యానెళ్ళు పెట్టుకుంటే బావ ముందు నిలవలేరని. అందరూ కలవాలి. బజారు మొత్తానికి పొడవాటి రేకుల కప్పు ఒకటుంది. దాని నిండా ప్యానెళ్ళు పరిచి, కింద ఒక గదిలో పెద్ద బ్యాటరీలు పెడితే ముసురు వచ్చినా తట్టుకోవచ్చు. ఈ మాట మోసుకుని అతను కొట్టు కొట్టూ తిరిగాడు. కాళ్ళకు బలపం కట్టుకున్నట్టు తిరిగాడు. కొందరు విన్నారు, కొందరు ఆవలించారు, కొందరు "మీ బావని అడిగి చెబుతాం" అన్నారు.

అదిగో అప్పుడే డీజిల్ కంపెనీ ఆఫీసరు రాకపోకలు పెరిగాయి. తెల్ల చొక్కా, మెత్తటి మాట. మంచినీళ్ళు అడుగుతాడు, ఇస్తే పెదవికి తాకించి పక్కన పెడతాడు. ఆ బజారు తాగే డీజిల్ ఆ చుట్టుపక్కల ఏ ఊరూ తాగదు. టాంకరు రావడం తగ్గితే ఆయనకి పైనుంచి అక్షింతలు పడతాయి. ఆయన బావ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని వెళ్ళిన ప్రతిసారీ ఊళ్ళో ఏదో ఒకటి జరిగేది. ఒకసారి రంగురంగుల కరపత్రాలు పంచారు: ప్యానెళ్ళు ఎండని లాగేసి కొట్టంతా కొలిమి చేస్తాయని, వాటి మెరుపుకి కళ్ళు పోతాయని. ఇంకోసారి మునిసిపాలిటీ నుంచి మనిషి వచ్చి, కప్పు ఆ బరువు మోయదేమో, పరీక్ష చేయించాలి అన్నాడు. ఆ కప్పు మీదే కంపెనీ వాళ్ళ ఇనుప హోర్డింగు ఎన్నాళ్ళుగానో నిలబడి ఉంది. దాని బరువు సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎండబాబు అడిగాడు. "అది వేరే ఫైలు" అన్నాడాయన.

బజారు సంఘం మీటింగు పెట్టారు. గోడౌన్‌లో బస్తాలు జరిపి కుర్చీలు వేశారు. బావ ముందు వరసలో కూర్చున్నాడు. అక్క ఆడవాళ్ళతో పాటు వెనక ఎక్కడో కూర్చుంది. తమ్ముడి తరఫున ఆమె ఆడవాళ్ళ చెవుల్లో చాలా మాటలే వేసిందని అతనికి తెలుసు. బావకి తెలుసో లేదో తెలియదు.

బావ లేచాడు. "నేను పొగ అమ్ముతాననేగా మీ బాధ? సరే. ముసురు పట్టినప్పుడు నా పొగే మీకు దిక్కయింది, అది మర్చిపోకండి. వీడు ఎవరు? నా ఇంట్లో పెరిగినవాడు. నా అన్నం తిని, నా పొట్ట కొట్టడానికి బయల్దేరాడు. మీరంతా వాడితో చేతులు కలుపుతారా?"

ఎండబాబు తల దించుకున్నాడు. అప్పుడు టైలరమ్మ కూర్చున్నచోటు నుంచే అంది, "ఆ పొట్ట ఒక్కరు కొడితే తగ్గేది కాదులెండి బావగారూ. అందుకే అందరం కలుస్తున్నాం."

గోడౌన్ అదిరిపోయేలా నవ్వారు. బస్తాలు మోసే కూలీలు కూడా నవ్వారు. బావ సొంత మెకానిక్కులు మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వారు. బావా నవ్వాడు, కానీ ఆ నవ్వు మూతి దగ్గరే ఆగిపోయింది. కప్పు మీద ప్యానెళ్ళకి ఒప్పుకునేవాళ్ళని చేతులెత్తమన్నారు. ఎత్తిన చేతులే ఎక్కువ. పెద్ద మార్కెట్ కోల్డ్ స్టోరేజీ వాళ్ళూ, లాడ్జి వాళ్ళూ, ఇంకొందరూ మాత్రం బావతోనే ఉంటామన్నారు.

మర్నాటి నుంచి ఎండబాబుకి పై ఇంటి గడప బంద్. పెట్టె ఒకటి సర్దుకుని ప్రెస్సు వెనక గదిలో మకాం పెట్టాడు. అక్క బజారులోకి రావడం తగ్గించేసింది. కనిపించినా దూరం నుంచే చెయ్యి ఊపేది. తన మీద బావకున్న కోపానికి మధ్యలో నలగడం ఎందుకని ఆగుతోందిలే అనుకున్నాడు.

పరీక్షలో కప్పు నెగ్గాక దాని మీద పని మొదలైంది. ప్యానెళ్ళు తాళ్ళతో లాగారు. చట్రాలకి బెజ్జాలు తానే వేశాడు, బోల్టులు తానే బిగించాడు. టైలరమ్మ కొట్టు పక్క ఖాళీ గదిలో బ్యాటరీలు వరసగా పేర్చాడు. సర్కారు కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, స్విచ్ వేశాడు. కొట్లన్నీ వెలిగాయి. షెడ్డులో ఇంజను ఇంకా వేయలేదు, మోతే లేదు. బజారులో ఎవరికీ ఏం జరిగిందో ఒక్క క్షణం అర్థం కాలేదు. అందరూ ఎప్పట్లాగే గొంతు చించుకుని మాట్లాడుతున్నారు. ముందు కళ్ళజోళ్ళతను ఆగాడు. "నేనెందుకు అరుస్తున్నా?" అన్నాడు. పక్కవాడు నవ్వాడు. ఒకరి తర్వాత ఒకరు గొంతులు తగ్గించారు. టైలరమ్మ చేతిలో కత్తెర గుడ్డని కోస్తున్న చప్పుడు సందు అవతలికి వినిపించింది. ఆమె కత్తెర ఆపి, మళ్ళీ కోసి, మళ్ళీ ఆపి చూసుకుంది. ఎండబాబు నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. అతని జన్మలో అంత సంతోషం అంతకుముందు లేదు. ఆ తర్వాతా లేదు.

ఒక్కటే అతన్ని పీకుతూ ఉండేది. బావ తీగలు. లైన్లు కట్ చేసిన కొట్ల దగ్గర బావ మనుషులు తీగ చివరలు తుంచి వదిలేశారు గానీ, వెనక్కి లాగలేదు. కోల్డ్ స్టోరేజీ కోసం, లాడ్జి కోసం షెడ్డులో ఒక ఇంజను నడిచేటప్పుడల్లా ఆ తీగల్లోకీ కరెంటు వస్తూనే ఉంది. టైలరమ్మ కొట్టు గుమ్మం మీద అలాంటి తీగ కొస ఒకటి, పాత గుడ్డపేలికతో చుట్టి వేలాడుతోంది. మొహం చెల్లకపోయినా ఎండబాబు షెడ్డుకి వెళ్ళాడు.

"బావా, నా మీద కోపం ఉంటే నన్ను తిట్టు. ఆ తీగలు మాత్రం తీయించేయి. ప్రమాదం."

బావ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ అన్నాడు, "తీసి మళ్ళీ కట్టాలంటే రెండు పన్లు. ఎలాగూ వస్తారుగా నా దగ్గరికే. ఉండనీ."

గోడకు చెప్పినట్టే అయింది. తనే నిచ్చెన వేసుకుని తీసేద్దామని ఒకసారి ఎక్కాడు కూడా. బావ మనుషులు వచ్చి, "మా తీగ ముట్టుకుంటే కేసు పెడతాం" అన్నారు. దిగిపోయాడు. దిగిపోయినందుకు తర్వాత తనని తాను చాలా తిట్టుకున్నాడు.

అగ్గి పట్టింది పట్టపగలే. అతను ప్రెస్సు గుమ్మంలో ఉన్నాడు. షెడ్డులో ఇంజను మోగుతోంది. పై ఇంటి కిటికీలోంచి అక్క గొంతు వినపడింది. "తీగ! తీగ అంటుకుంది! టైలరమ్మ గుమ్మం మీద తీగ!" ఆ ఇంజను మోతలో ఆ మాటలు పట్టుకోగల చెవులు బజారులో అతనివే, ఎందుకంటే ఆ మోతలోనే ఆ గొంతు వింటూ పెరిగాడు. పరిగెత్తాడు. అప్పటికే గుమ్మానికి వేలాడదీసిన బట్టలు మండుతున్నాయి. ఆడపిల్లలు బయటపడ్డారు. టైలరమ్మ మాత్రం ఒక మిషన్ని లాక్కొస్తానని మళ్ళీ లోపలికి దూరింది. అతను ఆమెని నడుం పట్టుకుని ఈడ్చుకొచ్చేసరికి ఆమె రెండు చేతులూ కాలిపోయాయి. మిషన్ గుమ్మం దగ్గరే ఉండిపోయింది. మంట పక్క గదికి పాకింది. బ్యాటరీలు అంటుకున్నాయి. ఊరంతా వినపడేలా ఢామ్మంది.

ఆ చప్పుడే కొంప ముంచింది. గుడ్డపేలిక రాజుకోవడం ఎవరూ చూడలేదు. బ్యాటరీలు పేలడం అందరూ విన్నారు. సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట: ఎండబాబు పెట్టిన బాంబులు పేలాయి.

మునిసిపల్ ఆఫీసులో విచారణ పెట్టారు. విచారణాధికారి పక్కన కంపెనీ ఆఫీసరు "సాంకేతిక సలహా కోసం" కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎండబాబు తాను చూసింది, విన్నది చెప్పాడు. ఆ తీగ కొస ఎక్కడుందో చూపించడానికి వెళితే, అక్కడ కొసా లేదు, తీగా లేదు. మంటలు ఆర్పిన వెంటనే బావ మనుషులు మొత్తం లాగేసుకుపోయారు. అంతకుముందు ఎన్నిసార్లు చెప్పినా తీయనివి, ఆ రోజు క్షణాల్లో తీసేశారు.

"నిప్పు తీగ దగ్గరే మొదలైందని చూసినవాళ్ళున్నారా?" అని అడిగాడు విచారణాధికారి.

"ఉన్నారండి. మా అక్క."

అక్కని పిలిపించారు. బావ ఆమె పక్కనే వచ్చాడు. ఆమె చీర కొంగు భుజాల నిండా కప్పుకుని, నేల చూపులు చూస్తూ నిలబడింది.

"మీరేం చూశారమ్మా?"

"ఏం చూడలేదండి."

"మీరు తీగ అని అరిచారని మీ తమ్ముడు అంటున్నారు."

"చప్పుడుకి భయపడి అరిచానండి. ఏమని అరిచానో గుర్తు లేదు."

చప్పుడు అరుపు తర్వాత వచ్చింది. ఆ సంగతి ఆ గదిలో ఆమెకీ, తమ్ముడికీ తెలుసు. ఎండబాబు నోరు తెరిచాడు. "అక్కా" అన్నాడు. ఆమె తలెత్తలేదు. విచారణాధికారి తర్వాతి మనిషిని పిలవమన్నాడు.

బయట మెట్ల మీద బావ ఎవరితోనో మాటల్లో పడినప్పుడు, అతను అక్క దగ్గరికి వెళ్ళాడు.

"ఎందుకక్కా ఇలా చేశావు? నువ్వే కదా అరిచింది!"

"అరిచాను."

"మరి?"

ఆమె చాలా నెమ్మదిగా మాట్లాడింది. "నువ్వు ఓడిపోతే ఇంకో ఊరు పోతావురా. ఇంకో కప్పు ఎక్కుతావు. ఆయన ఓడిపోతే ఇంటికే వస్తాడు."

కొంగు కాస్త జారింది. ఆమె గబుక్కున పైకి లాక్కుంది గానీ, మెడ కింద కమిలిన చోటు అతని కంట పడనే పడింది. అది నిన్నటిది కాదు. దాని పక్కన పాతదీ ఉంది. గోడౌన్‌లో ఊరంతా పొట్టపట్టుకుని నవ్విన నవ్వుకి, ఇంట్లో ఎవరు బదులు చెప్పుకోవలసి వచ్చిందో అతనికి అప్పుడు తెలిసింది. ఆ మీటింగు తర్వాత ఆమె ఎందుకు దూరం నుంచే చెయ్యి ఊపేదో కూడా తెలిసింది.

"అక్కా, నాతో వచ్చెయ్."

"ఎక్కడికిరా? ప్రెస్సు వెనక గదికా?" అని, కిందికి దిగి వెళ్ళిపోయింది.

తీర్పు అందరూ అనుకున్నట్టే వచ్చింది. కప్పు మీది ప్యానెళ్ళన్నీ దింపించి మునిసిపల్ యార్డులో పడేశారు. తాళం వేశారు. జనరేటర్లన్నీ మళ్ళీ మోగాయి. సంఘం వాళ్ళు షెడ్డు మెట్ల మీద వరస కట్టారు. బావ ఈసారి వాళ్ళని కూర్చోబెట్టలేదు కూడా, నిలబెట్టే మాట్లాడాడు. ఎండబాబుని పనికి పిలిచే దిక్కు లేకపోయింది. ఒక్క టైలరమ్మే కట్లు కట్టిన చేతులతో అతని గదికి వచ్చి, "నాకు తెలుసు బాబూ, ఏది కాలిందో" అంది. "అందరికీ చెప్పండి మరి" అన్నాడు. "నా మాట ఎవరు వింటారు? నేను చూడలేదుగా, నువ్వు చెబితే విన్నాను" అంది. అది నిజమే.

ఊరు వదిలిపోదామని పెట్టె సర్దాడు. సర్దిన పెట్టె అలాగే పెట్టుకుని, వెళ్ళకుండా ఉండిపోయాడు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేవాడు. వీలున్నప్పుడల్లా షెడ్డు ముందు నుంచి నడిచి, కిటికీ వైపు ఒకసారి చూసి వచ్చేవాడు.

ఎండలు ముదిరాక, బజారు కప్పు మీద కొత్త హోర్డింగు లేచింది. పాత ఇనుప హోర్డింగే. బొమ్మ మాత్రం కొత్తది. అందులో నవ్వుతున్న పాప, ఆకుపచ్చ కొండ, వెనక పెద్ద సూర్యుడు. కింద కంపెనీ పేరు. డీజిల్ కంపెనీ సోలార్ విభాగం తెరిచింది. ఆ ఊరి ఏజెన్సీ బావకిచ్చింది. మునిసిపాలిటీ యార్డులో పడున్న పాత సామాను వేలం వేస్తే కంపెనీ పాడుకుంది. వేరే ఎవరూ పాట పాడలేదు.

ఎండబాబుని షెడ్డుకి పిలిపించారు. ఆఫీసరు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. ఆప్యాయంగా నవ్వాడు.

"మేం ఎప్పుడూ ఎండకి వ్యతిరేకం కాదు బాబూ. తొందరపాటుకే వ్యతిరేకం. మంచి పని ఎవరు చేస్తే ఏముంది? పద్ధతిగా జరగాలి, అంతే."

"బజారంతటికీ కప్పు మీద ప్యానెళ్ళు" అన్నాడు బావ, తన బుర్రలో పుట్టిన ఆలోచనలా. "కింద పెద్ద బ్యాటరీలు. లైన్లు మాత్రం నా షెడ్డులోంచే వెళతాయి. రేటు మారదు. డీజిలైతే నాకేం, ఎండైతే నాకేం, తీగ నాది కదా! బిగించేవాడు కావాలి. నీకంటే తెలిసినవాడు ఎవడున్నాడురా? స్పానర్ పట్టుకోవడం నేర్పింది నేనేగా."

"తీగ తీయించమని చెప్పాను బావా నీకు" అన్నాడు ఎండబాబు. "ఊరందరికీ చెబుతాను ఇప్పటికైనా."

"చెప్పు. ఎవడు నమ్ముతాడు? నీ సొంత అక్కే నమ్మలేదు." బావ మొహంలో కోపం లేదు. నిజంగానే కుర్రాడి మీద జాలిపడుతున్నట్టు ఉంది. "ఇష్టం లేకపోతే పో. వేరేవాణ్ణి తెచ్చుకుంటాం."

పైన ఎక్కడో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎండబాబు తలెత్తి పై ఇంటి వైపు చూశాడు.

"చేస్తాను" అన్నాడు. "ఒకటే షరతు. పొద్దున టిఫినూ, మధ్యాహ్నం భోజనమూ, సాయంత్రం టీ, అన్నీ పై ఇంట్లోనే. రోజూ. నేను ఎప్పుడు మెట్లెక్కినా తలుపు తీసి ఉండాలి."

ఆఫీసరు ఇదేం షరతన్నట్టు నవ్వాడు. బావ నవ్వలేదు. బావమరిది మొహంలోకి చాలాసేపు చూశాడు. అర్థమైంది. చూపు తిప్పేసుకున్నాడు.

"తిను. ఎవడొద్దన్నాడు?" అన్నాడు.

కంపెనీ టోపీ ఒకటి ఇచ్చారు, దాని మీద పసుపు సూర్యుడు. పెట్టుకున్నాడు. లారీ వచ్చి ప్యానెళ్ళు దించింది. చట్రాల మీద కొత్త స్టిక్కర్లు తళతళలాడుతున్నాయి. వాటిని తిరగేయగానే తెలిసిపోయింది: బెజ్జాలు అతను వేసినవే. చెయ్యి పెడితే వేలు తిన్నగా ఇమిడిపోయింది. తాడు కట్టడం మొదలుపెట్టాడు.

బజారంతా మూగింది. కళ్ళజోళ్ళతను ముందుకొచ్చి, కాస్త జంకుతూ అడిగాడు, "ఎండబాబూ, ఒక్క మాట. ఇవి అప్పుడు పేలినవాటి లాంటివి కాదుగా? మళ్ళీ ఏం అంటుకోవుగా?"

టైలరమ్మ తన కొత్త గుమ్మంలో నిలబడి ఉంది. చేతుల మీద చర్మం ముడతలు పడి, వేళ్ళు సగమే ముడుచుకుంటున్నాయి. ఆమె అతని వంకే చూస్తోంది. కొంచెం అవతల బావ, నడుం మీద చేతులు పెట్టుకుని, ఏం చెబుతాడా అని చూస్తున్నాడు. పై కిటికీ తెరిచి ఉంది.

"కాదండీ" అన్నాడు ఎండబాబు. "అవి వేరు. ఇవి కంపెనీవి. ఇవి ఏం కావు."

కళ్ళజోళ్ళతను హమ్మయ్య అనుకున్నాడు. "అదీ మాట! నువ్వు చెబితే ధైర్యం" అని, అందరికీ వినపడేలా ఇంకోసారి చెప్పాడు. జనం తలలూపుకుంటూ కొట్లలోకి వెళ్ళిపోయారు.

టైలరమ్మ మాత్రం అక్కడే నిలబడింది. ఒకసారి బావ వైపు చూసింది, ఒకసారి ఎండబాబు నెత్తి మీది టోపీ వైపు చూసింది.

"తొందరగా కానీ బాబూ. పొద్దుటి నుంచి మిషన్లు ఆగిపోయి ఉన్నాయి" అని లోపలికి వెళ్ళిపోయింది.

అతను నిచ్చెన ఎక్కాడు.